అమ్మకు చెప్పుకున్న మనవులు

మా అమ్మ చెవులు పోయింది జబ్బు వల్ల కాదు, మందు వల్ల. ముందే ఈ మాట చెప్పేస్తున్నాను. మా ఊళ్ళో కొందరు దాన్ని దేవుడి శిక్ష అన్నారు, ఇంకొందరు పని తప్పించుకునే వేషం అన్నారు. ఆ రెండు మాటలూ వింటూ పెరిగినదాన్ని నేను.

టీబీ మొదటిసారి వచ్చినప్పుడు అమ్మ గోళీలు బుద్ధిగానే మింగింది. దగ్గు తగ్గింది, ముఖంలోకి కాస్త నెత్తురు వచ్చింది, అదే సమయానికి మిరప తోటలో పని ముమ్మరమైంది. ఇంక తగ్గిపోయింది కదా అని మధ్యలో ఆపేసింది. ఏడాది తిరగకుండానే దగ్గు మళ్ళీ పట్టుకుంది. అలా మధ్యలో ఆపి రెండోసారి తెచ్చుకున్న వాళ్ళకు గోళీలతో పాటు సూదులు కూడా వేసేవాళ్ళు. ఆ సూదులతో అమ్మ బతికింది. సూదులు నడుస్తున్నప్పుడే చెవుల్లో హోరు మొదలైంది, నడిస్తే తూలేది, కోర్సు అయిపోయేసరికి మేం వెనకనుంచి పిలిస్తే పలకడం మానేసింది. భద్రాచలం తీసుకుపోతే అక్కడి డాక్టరు "ప్రాణం మిగిలింది, సంతోషించండి" అన్నాడు. మేమూ సంతోషించే వచ్చాం.

ఇదంతా రెండు వేల తర్వాతి తొలి సంవత్సరాల సంగతి. మాది దుమ్ముగూడెం వైపు గోదావరి పక్క ఊరు. నాన్న గిరిజన పిల్లల హాస్టల్లో వంటమనిషి. మాకు కొంచెం మిరప తోట ఉండేది. ఆదివారం రేకుల చర్చి, వారం మధ్యలో స్త్రీల కూడిక. ఆ కూడికను నడిపించేది మా అమ్మ.

దానికి జీతం లేదు, పదవి లేదు, కానీ అదే అమ్మ బతుకు. కూడిక ఒక్కో వారం ఒక్కో ఇంట్లో జరిగేది. ముందు పాట, తర్వాత వాక్యం, ఆ తర్వాత ప్రార్థన మనవులు. వరుసగా ఒక్కొక్కరూ తమ బాధ చెప్పుకోవాలి. ఒకామెకు మోకాళ్ళు, ఒకామెకు తాగొచ్చే కొడుకు, ఒకామె తోటకు ముడత తెగులు. అందరూ చెప్పుకోవడం అయ్యాక నడిపించే మనిషి కళ్ళు మూసుకుని ఒకే ప్రార్థనలో ఆ మనవులన్నీ ఎత్తాలి, పేరుపేరునా, ఎవరి బాధ వాళ్ళదిగా. ఒక్కటి తప్పిపోయినా ఆ మనిషి చిన్నబుచ్చుకుంటుంది. "నా మనవి ఎత్తలే" అని ఊరంతా చెప్పుకుంటుంది. అమ్మ చేతిలో ఎప్పుడూ కాగితం ఉండేది కాదు, ఎవరి మనవీ తప్పేది కాదు. చదువు లేని మా అమ్మను పాస్టరుగారి భార్య కూడా "మీరు కూర్చోండి" అని పలకరించేదంటే కారణం అదే.

చెవులు పోయాక అమ్మ ఇంక పక్కకు తప్పుకుంటుందని అందరూ అనుకున్నారు. తప్పుకోలేదు.

అమ్మకు పూర్తిగా వినపడకుండా పోలేదు, చిక్కంతా అక్కడే. బస్సు హారను వినపడేది, ఉరుము వినపడేది, నాన్న గొంతు వినపడేది. హాస్టల్లో వందలమంది పిల్లల మీద అరిచి అరిచి నాన్నకు మెల్లగా మాట్లాడడం రాదు. సన్నటి శబ్దాలే పోయాయి. మాటలో సగం అక్షరాలు అమ్మ దాకా వచ్చేవి, మిగతా సగం దారిలో రాలిపోయేవి. ఆ రాలినవాటిని అమ్మ ఎదుటివాళ్ళ పెదాల మీద ఏరుకునేది. పెదాల మీద దొరకనివి కళ్ళల్లో, చేతుల్లో వెతికేది, అక్కడా దొరక్కపోతే ఆ మనిషి నిన్న ఎలా ఉంది, మొన్న ఏం చెప్పింది అని గుర్తు తెచ్చుకుని పూడ్చుకునేది. ఒక వాక్యం అలా అతికించుకునేలోపు ఎదుటామె ఇంకో రెండు వాక్యాలు దాటిపోయి ఉండేది. వాటినీ పట్టుకోవాలి. ఇదంతా చేస్తూ ముఖం మీద చిరునవ్వు చెదరకూడదు. చెదిరితే "నీకు ఇనపడ్తలేదులే, ఇడిసిపెట్టు" అంటారు. ఆ మాట అంటే అమ్మకు ఒళ్ళు మండిపోయేది.

అందుకని అమ్మ తన ఏర్పాట్లు తాను చేసుకుంది. కూడిక పొద్దుగూకాక జరిగేది, దాన్ని మధ్యాహ్నానికి మార్పించింది. అందరికంటే ముందు పోయి, గుమ్మానికి వీపు పెట్టి కూర్చునేది. అప్పుడు వెలుతురు ఎదుటివాళ్ళ ముఖాల మీద పడుతుంది. ఫ్యాను ఆపించేది. ఎండాకాలంలో ఆడవాళ్ళు పమిట చెంగులతో విసురుకుంటూ గొణుక్కునేవాళ్ళు. వానాకాలంలో రేకుల మీద వాన పడుతుంటే ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు. అలాంటి రోజున అమ్మ హాయిగా నవ్వేది. "ఈయాల అందరం ఒక్కటే" అనేది. అమ్మ అలా పగలబడి నవ్వడం ఆ వానల్లో తప్ప నేను పెద్దగా చూడలేదు.

నాన్నకు గుబురు మీసం. పై పెదవి మొత్తం కప్పేసేది. "జర కత్తిరించు, నువ్వేమంటున్నవో తెలుస్తలేదు" అని అమ్మ అడిగితే "మీసం తీసుడేందే, ఊళ్ళె మొహమెట్ల చూపియ్యాలె" అని ఎగిరాడు. నెల తర్వాత ఒకరోజు నున్నగా గీయించుకుని ఇంటికి వచ్చాడు. ఆ ముఖం చూసి నేను ఎవరో అనుకున్నాను. హాస్టలు పిల్లలు అన్నం వడ్డించుకోవడం మానేసి నవ్వారట. అమ్మ చాలాసేపు నాన్న ముఖాన్ని చూసి, "ఇన్నేండ్లు దాచిపెట్టినవ్, ఇంత చిన్న మూతి" అంది. నాన్నకు కోపం వచ్చింది కానీ మళ్ళీ పెంచలేదు.

కూడిక రోజు అమ్మ ఇంటికి వచ్చే తీరు వేరు. చెప్పులు గుమ్మంలో ఎక్కడ పడితే అక్కడ వదిలేసి, చాప పరుచుకుని, గోడవైపు తిరిగి పడుకునేది. ముఖం మీద తువ్వాలు వేసుకునేది. మెడ బిగుసుకుపోయేది, దవడలు నొప్పి అనేది, కంటి రెప్ప దానంతటదే కొట్టుకునేది. తోటలో రోజంతా కాయ కోసి వచ్చినా ఇంత అలసట ఉండేది కాదు. కోత పనికి పోయి వచ్చి కూడా పొయ్యి ముట్టించే మనిషి, కూడికలో రెండు గంటలు కూర్చుని వస్తే గ్లాసెడు నీళ్ళు ముంచుకోలేకపోయేది. తువ్వాలు ఎందుకో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. అమ్మకు చూడడమే వినడం. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు. కళ్ళు మూసుకుంటే తప్ప ఆమెకు విశ్రాంతి లేదు. అప్పుడు మేము ముట్టుకున్నా చెయ్యి విసిరికొట్టేది. ఒకసారి తమ్ముడి చెంప మీద తగిలింది. వాడు ఏడుస్తుంటే తానూ లేచి కూర్చుని ఏడ్చింది.

నాన్న రక్తం తక్కువైందన్నాడు. ఎర్ర టానిక్కు సీసాలు తెచ్చాడు. నాయనమ్మ దిష్టి అంది. కూర్చుని వినడానికి కూడా అలసిపోయే మనిషిని మా ఇంటా వంటా ఎవరూ చూసి ఉండలేదు మరి. చాలా ఏళ్ళ తర్వాత ఖమ్మంలో చెవుల పరీక్ష చేసే ఒకావిడ నాతో మాటల మధ్యలో, వినికిడి తగ్గినవాళ్ళకు సాయంత్రానికి అయ్యే అలసట ఉత్తదేం కాదు, చెవి చేయలేని పనంతా మెదడు చేస్తుంటుంది కదా అంది. నేను ఆమె ముందే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆ ఒక్క ముక్క అప్పట్లో మాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

చెవి మిషను కూడా వచ్చింది. భద్రాచలంలో క్యాంపు పెట్టి ఇచ్చారు. అగ్గిపెట్టెలాంటి డబ్బా, దానికో వైరు, చెవిలో పెట్టుకునే బిరడా. అమ్మ దాన్ని జాకెట్టులో దోపుకుని కూడికకు పోయింది. చీర రాపిడి కూడా బట్ట చింపుతున్నంత చప్పుడుగా వినపడుతుందని దారిలో చెప్పింది. పాట మొదలుపెట్టి చప్పట్లు కొట్టేసరికి రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని బయటికి వచ్చేసింది. మిషను శబ్దాన్నయితే పెద్దది చేసింది కానీ రాలిపోయిన అక్షరాలను తెచ్చి ఇవ్వలేదు. అది ట్రంకు పెట్టెలోకి పోయింది. అప్పటినుంచి ఊళ్ళో ఒక కొత్త మాట పుట్టింది: "మిషను పెట్టుకుంటే మంచిగ ఇనపడ్తది గద, పెట్టుకోదు, పొగరు."

ఇలా రెండేళ్ళు గడిచాయి. ఆ తర్వాత ఒక విచిత్రం మొదలైంది. ఆడవాళ్ళు ఒంటరిగా మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. నడిమధ్యాహ్నం, మగవాళ్ళు లేని వేళ చూసుకుని వచ్చేవాళ్ళు. అమ్మ పక్కన అరుగు మీద కూర్చుని మాట్లాడేవాళ్ళు. కూడికలో చెప్పుకునే మోకాళ్ళూ తెగుళ్ళూ కాదు, అసలు బాధలు. మరిది చేసిన పని, అత్తను కొట్టిన సంగతి, కడుపులో బిడ్డ ఎవరిదన్న భయం. నేను లోపల పుస్తకం ముందు పెట్టుకుని ఉంటే నా చెవులు కాలిపోయేవి. ఏడ్చి, ముక్కు చీదుకుని, "ప్రార్థన చెయ్యక్కా" అని లేచిపోయేవాళ్ళు. అమ్మ తల ఊపేది. వాళ్ళు పోయాక లోపలికి వచ్చి తువ్వాలు వేసుకుని పడుకునేది. ఇంతకుముందు వారానికొకసారి ఉండే అలసట ఇప్పుడు రోజూ అయింది. మనిషి సన్నబడింది. ఇంతమంది మా అమ్మను నమ్ముతున్నారని నాకు మాత్రం గర్వంగా ఉండేది.

ఆ గర్వం చేతిపంపు దగ్గర దిగిపోయింది. నేను బిందె పెట్టి ఉన్నాను, ఇద్దరు ఆడవాళ్ళు నన్ను చూసుకోలేదు.

"పోయి ఆమెకు చెప్పుకోరాదే, మనసన్న తేలికైతది."

"అవ్, నేను మొన్న పోయిన. గోడకు చెప్పుకున్నట్టే గద. గోడలకన్న చెవులుంటయంటరు, ఆమెకు అవి గూడ లేవు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను బిందె సగం నిండగానే ఎత్తుకుని వచ్చేశాను. అమ్మ వినడం కోసం రోజూ ఒంట్లో ఉన్నదంతా పిండుకుంటోంది, వీళ్ళేమో అమ్మకు వినపడదనే వస్తున్నారు. కూడికలో మోకాళ్ళూ తెగుళ్ళూ వారం వారం అవే కాబట్టి, అమ్మ అలవాటు కొద్దీ ఎత్తుతోందని వాళ్ళ లెక్క. ఎలా చెప్పాలి ఈ మాట? ఆ సాయంత్రం నా ముఖం చూసి అమ్మే అడిగింది ఏమైందని. నేను చెప్పేశాను, పెదాలు కనిపించేలా ఎదురుగా నిలబడి.

అమ్మ చాట పక్కన పెట్టింది. "నాకు తెల్వదనుకుంటున్నవా? చెవులు పోయినయ్ గానీ కండ్లు పోలే. ఇనపడ్తదని తెలిస్తే రేపటికెల్లి ఒక్కతి రాదు."

"మరి ఎందుకే కూసుంటవ్ వాళ్ళ దగ్గర? చచ్చిపోయేటట్టున్నవ్."

"వాళ్ళు ఇంకేడ చెప్పుకుంటరు?"

అప్పుడు అర్థమైంది నాకు. అమ్మ చేసేది ఒక పని కాదు, రెండు. ఒకటి వినడం. ఇంకొకటి విననట్టు కూర్చోవడం. ఎదుటామె ఎంత ఘోరం చెప్పినా కనురెప్ప కదలకూడదు, ఏమీ తెలియని చెవిటిదానిలా నవ్వుతూ తల ఊపాలి. మళ్ళీ ఒంటరిగా మోకాళ్ళ మీద కూర్చుని ఆ బాధను పేరు పెట్టి దేవుడికి చెప్పాలి. అమ్మను చూస్తే నాకు భయం వేసింది.

నేను పదో తరగతి పరీక్షలకు చదువుకుంటున్న రోజుల్లో కొత్త కోడలు ఒకతి వచ్చింది. మా సంఘంలోనే, మాకు నాలుగిళ్ళ అవతల ఇల్లు. పిల్లది బోనకల్ వైపు. మొగుడు లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండడు. అత్త గట్టి మనిషి, కూడికలో అందరికంటే పెద్ద గొంతుతో పాడేది. అది మిర్చి ఎండబోసే కాలం. కల్లాల నిండా కాయ, ఊరంతా ఘాటు, పిల్లా జెల్లా అందరూ దగ్గేవాళ్ళే. అందుకే ఆ పిల్ల దగ్గు ఎవరికీ పట్టలేదు.

మధ్యాహ్నం వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, అమ్మ ముఖంలోకి చూస్తూ చెప్పింది.

"పెద్దమ్మా, నాకు పెళ్ళికి ముందే టీబీ అన్నారు. మా అమ్మోళ్ళు ఆ సంగతి చెప్పకుండా పెళ్ళి చేశారు. అక్కడ మింగేదాన్ని మందులు. నా పేరు మీది మందుల డబ్బా అక్కడి నర్సు దగ్గరే ఉండిపోయింది. ఇక్కడికొచ్చాక మింగడం లేదు. తగ్గింది కదా అనుకున్నా. ఇప్పుడు మళ్ళీ జ్వరం వస్తోంది పెద్దమ్మా, రాత్రిళ్ళు చెమట. నా కోసం ప్రార్థన చెయ్యండి."

అమ్మ తల ఊపలేదు. నేను లోపలినుంచి చూస్తున్నాను. అమ్మ ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది.

"ఆపి ఎన్ని దినాలైంది?"

పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు. చెయ్యి లాక్కోబోయింది. "మీకు... మీకు వినపడుద్దా పెద్దమ్మా?"

"నిన్ను చూస్తే ఇనపడ్తది. చెప్పు, ఎన్ని దినాలైంది? దగ్గితే గళ్ళల్ల నెత్తురు పడ్తుందా?"

పడడం లేదంది. ఆపి ఎక్కువ రోజులు కాలేదంది. అమ్మ ఆ పిల్ల ముఖాన్ని తనవైపు తిప్పుకుంది. "నేను గూడ గిట్లనే ఆపిన. ఇంక కొన్ని దినాలు పోతే నీకు గూడ సూదులే. అవి పడితే గిట్లుంటది. చూడు నన్ను. నీ మాట నాలుగు ముక్కలు ఇనేసరికి నాకు చెమటలు పట్టినయ్ చూడు." నిజంగానే అమ్మ జాకెట్టు తడిసి ఉంది.

"మా అత్తకు చెప్పొద్దు పెద్దమ్మా. నా కాపురం పోద్ది." ఆ పిల్ల అమ్మ కాళ్ళు పట్టుకుంది.

అమ్మ చెప్పనంది. నర్సమ్మ దగ్గరికి తానే తీసుకుపోతానంది. రేపు వస్తానంది పిల్ల, రాలేదు. మళ్ళీ కబురు పెడితే పని ఉందంది. చేతిపంపు దగ్గర ఎదురైతే ముఖం తిప్పుకుంది. ముఖం తిప్పుకున్న మనిషితో అమ్మ మాట్లాడలేదు, పెదాలు కనపడాలి కదా. ఆదివారం చర్చిలో అమ్మ పాటల పుస్తకం చూడలేదు, వాక్యం వినలేదు. ఆ పిల్ల భుజాలు దగ్గుకు ఎగురుతుంటే వాటినే చూస్తూ కూర్చుంది. ఇంట్లో ముద్ద దిగేది కాదు. "చెప్పనని ఇప్పుడు చెప్తే మాట తప్పినట్టు. చెప్పకపోతే ఆ పిల్లను చేజేతులా పాతిపెట్టినట్టు" అని నాన్నతో అంది. నాన్న, "నీకెందుకే, నీకు ఇనపడలే అనుకో" అన్నాడు. అమ్మ ఆయన వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

చివరికి ఒకరోజు పొద్దున్నే చెప్పులు వేసుకుని ఆరోగ్య ఉపకేంద్రానికి నడిచి పోయింది. పిల్లను నీళ్ళకాడో తోటలోనో ఒంటరిగా కలవమని నర్సమ్మను బతిమాలింది. నర్సమ్మ మంచిదే. కానీ వాళ్ళ పద్ధతి వాళ్ళకుంది: మందుల డబ్బా ఒక ఊరినుంచి ఇంకో ఊరికి మారాలంటే మనిషి ఉండే ఇల్లు కళ్ళతో చూడాలి. మోటారు సైకిలు మీద, టీబీ మందులు చూసే ఒక సారుతో కలిసి నర్సమ్మ వచ్చి ఆ ఇంటి ముందు దిగింది. అరుగు మీద అత్త కాయ తొడిమలు తీస్తోంది.

మర్నాడు పొద్దున బస్సుకు ఆ పిల్లను పుట్టింటికి పంపేశారు. పెళ్ళినాటి ట్రంకు పెట్టె కూడా బస్సు మీదికి ఎక్కించారు, అంటే మళ్ళీ రావద్దని. పిల్ల మా ఇంటి ముందునుంచే పోయింది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ పిల్ల తల ఎత్తలేదు. అమ్మ ఆ పిల్ల పెదాలు కదులుతాయేమోనని బస్సు మలుపు తిరిగేదాకా చూసింది.

ఈ సంగతి చెప్పుకుంది మా అమ్మకొక్కదానికేనని కోడలినుంచి రాబట్టుకుని, ఆ తర్వాత అత్త వచ్చింది. మా వాకిట్లో నిలబడి, ఊరంతా వినేలా, చెవిటిదానికి కూడా వినపడాలని గొంతు చించుకుని తిట్టింది. అరిస్తే మూతి వంకరపోతుంది, అక్షరం అక్షరంలా ఉండదు. అమ్మ ఆమె ఎదురుగా పోయి నిలబడి, "జర మెల్లగ చెప్పు వదినా, అర్థమైతలేదు" అంది. వెక్కిరింత కాదు. నిజంగానే అమ్మకు తిట్లు అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలనే అడిగింది. చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. దాంతో ఆమె కోపం రెట్టింపై, ఈసారి ఒక్కో ముక్కా విడమరిచి చెప్పింది.

"ఇన్నొద్దులు... చెవిటిదాని లెక్క... నాటకమాడినవ్. ఊరి ఆడోళ్ళ... గుట్టంత... ఇన్నవ్."

ఇది అమ్మకు అర్థమైంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళకు కూడా అప్పుడే అర్థమైంది. వాళ్ళ ముఖాల మీది నవ్వు పోయింది. ఎవరెవరు ఏమేం చెప్పుకున్నారో ఒక్కొక్కరికీ గుర్తొస్తున్నట్టు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. అమ్మ ఇన్నేళ్ళలో ఒక్కరి మాట కూడా బయట పెట్టలేదన్న సంగతి వాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. ఆ ఆడవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

మా అరుగు ఖాళీ అయింది. ఇక మధ్యాహ్నాలు ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. నర్సమ్మ ఒక్కతే వచ్చింది, కొన్ని వారాల తర్వాత. పిల్లకు పుట్టింట్లో మందు మళ్ళీ మొదలైందని, జ్వరం తగ్గిందని, వేళకే పట్టుకోవడం వల్ల సూదుల దాకా పోలేదని చెప్పింది. అమ్మ ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది. నర్సమ్మ గడ్డం పట్టుకుని, "సూదులు లేవా? ఉత్త గోళీలేనా?" అని అడిగింది. ఉత్త గోళీలే అంది నర్సమ్మ. మొగుడు మాత్రం ఆ పిల్లను మళ్ళీ తీసుకురాలేదు.

కాయ పనుల్లో ఆగిపోయిన కూడిక ఆ వారం మళ్ళీ మొదలైంది, మా వీధిలోనే. నేను అమ్మతో పోయాను. అమ్మ ఎప్పటిలాగే ముందు పోయి గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంది. వెలుతురు బాగా ఉంది. ఒక్కొక్కరే వచ్చారు, వందనాలు చెప్పారు, కూర్చున్నారు. అత్త కూడా వచ్చింది. పాట అయింది, వాక్యం అయింది. మనవుల వరుస మొదలైంది.

మొదటామె మాట్లాడబోతూ కొంగు తీసి మూతికి అడ్డం పెట్టుకుంది. ముక్కు కింద నుంచి గడ్డం దాకా. కొంగు వెనకనుంచి ఏదో చెప్పింది. రెండో ఆమె కూడా అలాగే. మూడో ఆమె కూడా. ఒకరిని చూసి ఒకరు చేశారో, ముందే అనుకుని వచ్చారో నాకు తెలియదు. గదినిండా చీర కొంగులు, వాటి పైన కళ్ళు. వాళ్ళు చెప్పుకుంది కూడా ఏముంది, మోకాళ్ళూ తెగుళ్ళే. అమ్మ మెడ ముందుకు చాపి ఒక్కొక్కరి వైపూ చూస్తూనే ఉంది. నుదుటి మీద చెమట పట్టింది. వాళ్ళ భుజాలు చూసింది, కళ్ళు చూసింది, చేతులు చూసింది. నేను చెవిలో చెప్పబోతే నా మోకాలి మీద చెయ్యి వేసి వద్దంది.

వరుస అయిపోయింది. ఇంక అమ్మ ప్రార్థన చెయ్యాలి. కళ్ళు మూసుకుంది. తర్వాత ఆ పిల్ల పేరు ఎత్తింది. అత్త ముందే, గట్టిగా. ఆ బిడ్డకు జ్వరం తగ్గించినందుకు స్తోత్రమంది. ఆ బిడ్డ చెవులు మిగిల్చినందుకు స్తోత్రమంది. ఇంకెవరి మనవీ ఎత్తలేదు. ఆమెన్ అని కళ్ళు తెరిచింది.

ప్రార్థన చివర అందరూ కలిసి ఆమెన్ అనాలి. అమ్మ దాన్ని కూడా చూసే వినేది, కళ్ళు తెరిచి, కదిలిన పెదాలను వరసగా చూసుకుని తృప్తిగా తల ఊపేది. ఆ రోజు అందరి మూతుల మీదా కొంగులే ఉన్నాయి.

ఇంటికి వస్తుంటే దారి మధ్యలో ఆగి నన్ను తనవైపు తిప్పుకుంది.

"ఆమెన్ అన్నరా?"

"లేదమ్మా" అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. చెప్పినా నా ముఖంలో చదివేసేది.

"ఒక్కరు గూడనా?"

"ఒక్కరు గూడ."

తల ఊపి నడిచింది. తర్వాతి వారంనుంచి కూడికకు పోలేదు, వేరే ఆమెను పెట్టుకున్నారు. అమ్మ దవడల నొప్పి పోయింది, కంటి రెప్ప కొట్టుకోవడం ఆగింది, చాప మీద పడుకోవడం మానేసింది. మనిషి కాస్త ఒళ్ళు చేసింది కూడా. ఊళ్ళో అందరూ బాగుపడిందన్నారు. మేము ఏదైనా చెప్పాలని ఎదురుగా పోయి నిలబడితే చేతిలోని పని వైపు చూసుకుంటూ ఉండిపోయేది. నాన్న గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తితే కళ్ళు మూసుకునేది. అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. మళ్ళీ ఎవరి పెదాల వైపూ చూడలేదు. మా పెదాల వైపు కూడా.